గుర్రం బాగున్న రోజునే తెలుసుకోవలసినవి: కొత్త యజమానులకు ఒక మార్గదర్శి

గుర్రాలను పెంచేవారు నలుగురు ఒకచోట కూర్చుంటే మాటలు స్వారీతో మొదలై, కాసేపటికే నిన్న రాత్రి దాణా ముట్టని గుర్రం మీదికో, ఊడిపోయిన లాడం మీదికో, తాడు తెంచుకుని పరుగెత్తిన పోతుగుర్రం మీదికో మళ్ళుతాయి. అలా ఎన్నో ఏళ్ళుగా వింటూ, చెబుతూ వచ్చిన నాకు ఒక విషయం బాగా అర్థమైంది. ఆపద వచ్చే ముందు గుర్రం మనకు ఏదో ఒక సూచన ఇస్తుంది, కానీ దాని మామూలు స్థితి ఎలా ఉంటుందో మనకు తెలియనందువల్ల ఆ సూచనను గుర్తుపట్టలేము. అందుకే జబ్బుల గురించి చెప్పే ముందు, గుర్రం హాయిగా మేస్తున్న రోజున మీరు చేయవలసిన పని గురించి చెబుతాను.

ఒక చిన్న పుస్తకం తీసుకోండి. గుర్రం విశ్రాంతిగా ఉన్న సమయంలో, స్వారీ చేసి వచ్చిన వెంటనే కాకుండా, ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం దాని నాడి, శ్వాస, ఉష్ణోగ్రత చూసి అందులో రాయండి. ఎదిగిన గుర్రానికి విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుండి 44 వరకు, శ్వాస 8 నుండి 16 వరకు, ఉష్ణోగ్రత సుమారు 37.2 నుండి 38.3 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటాయి. ఈ హద్దుల లోపల మీ గుర్రానిది ఏ అంకె అన్నదే మీకు కావలసింది.

నాడి చూడటానికి దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు ఆనిస్తే, సన్నని తాడులా జారుతున్న రక్తనాళం తగులుతుంది. దానిని ఎముకకు మెల్లగా అదిమి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. బొటనవేలు వాడకూడదు, ఎందుకంటే దానిలో మన నాడే మనకు తెలుస్తుంది. శ్వాసను ముక్కుపుటాల దగ్గర లెక్కపెడితే అది మీ చేతిని వాసన చూడటాన్ని కూడా శ్వాసగా లెక్కవేస్తారు కనుక, కొంచెం దూరంగా నిలబడి డొక్క ఎగసిపడటాన్ని చూడటం మేలు. థర్మామీటరుకు దారం కట్టి, ఆ దారాన్ని తోక వెంట్రుకలకు క్లిప్పుతో తగిలించి, కాస్త వాజలిన్ రాసి, గుర్రానికి వెనుక కాక పక్కన నిలబడి మలద్వారంలో పెట్టాలి. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు గులాబి రంగు తిరిగి రావాలి. రెండు డొక్కలకూ చెవి ఆనించి పేగుల గుడగుడ వినడం అలవాటు చేసుకోండి. శబ్దం బాగా వినిపిస్తే సాధారణంగా భయపడనక్కరలేదు, ఏమీ వినిపించకపోతే మాత్రం ఆలోచించాలి.

రోజుకు ఎన్నిసార్లు లద్దె వేస్తుందో కూడా గమనించండి. చాలా గుర్రాలు 8 నుండి 12 సార్లు వేస్తాయి. బరువు తెలియాలంటే తూకం అక్కరలేదు, కొలత టేపు చాలు. ముంగాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దానిని దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని భుజం ముందు భాగం నుండి పిరుదు చివర వరకు ఉన్న పొడవుతో హెచ్చించి, 11,877తో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 180, పొడవు 165 ఉన్న గుర్రం దాదాపు 450 కిలోలు తూగుతుందన్నమాట. నులిపురుగుల మందైనా మేతైనా ఈ అంకెను బట్టే ఇవ్వాలి.

ఇదంతా దేనికని అడిగేవారికి నా ఆడగుర్రం సంగతి చెబుతాను. దాని మామూలు నాడి 32. ఒకనాటి సాయంత్రం అది దాణాలో సగం వదిలేసింది. పై పెదవిని ఒకసారి పైకి ముడిచింది, రెండుసార్లు తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంది. అంతకు మించి ఏ ఇబ్బందీ కనబడలేదు, మిగతా గుర్రాలతో పాటు ప్రశాంతంగానే నిలబడి ఉంది. నాడి చూస్తే 48 ఉంది. పుస్తకంలోని 32 కళ్ళ ముందు లేకపోతే, ఎండకు అలసిందనుకుని నేను పడుకునేదాన్ని. పశువైద్యులు వచ్చి పరీక్షించి, పెద్దపేగు మలుపులో మేత గట్టిపడిందని చెప్పి, ముక్కు గుండా గొట్టం వేసి నీరు, విరేచనకారి పంపారు. తెల్లవారుజామున అది లద్దె వేసినప్పుడు నాకు కలిగిన సంతోషం గుర్రాలు పెంచేవారికి వేరే చెప్పనక్కరలేదు.

కడుపునొప్పి వచ్చినప్పుడు

గుర్రానికి వాంతి రాదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఉన్న కండరం అంత బిగువుగా ఉంటుంది. పైగా అంత పెద్ద శరీరంలో జీర్ణాశయం 8 నుండి 15 లీటర్లు మాత్రమే పడుతుంది, పెద్దపేగేమో మడతలు పడి, వెడల్పుగా ఉన్నది ఒక్కసారిగా ఇరుకుగా మారుతూ సాగుతుంది. అందువల్ల గాలి నిండినా, మేత గట్టిపడినా, పేగు మెలిక పడినా దానికి పైనుండి దారి ఉండదు. గుర్రానికి వచ్చే కడుపునొప్పిని ఇంత తీవ్రంగా తీసుకోవడానికి కారణం ఇదే.

ముంగాలితో నేల గీరడం, డొక్క వైపు పదే పదే చూడటం, పడుకుని లేచి మళ్ళీ పడుకోవడం, దొర్లడం, మూత్రం పోయడానికన్నట్లు సాగి నిలబడటం, ఎండ లేకపోయినా చెమట పట్టడం దీని లక్షణాలు. వీటిలో ఏది కనబడినా మొదట ముందున్న మేత, దాణా తీసివేయండి. తర్వాత నాడి, ఉష్ణోగ్రత, చిగుళ్ళ రంగు, చివరిసారి లద్దె వేసిన వేళ, ఆ రోజు తిన్నవి కాగితం మీద రాసుకుని పశువైద్యులకు ఫోను చేయండి. నాడి 60 దాటి తగ్గకుండా ఉంటే, చిగుళ్ళు ఎర్రగా గాని ఊదా రంగుగా గాని మారితే, ఆ మాట అన్నిటికంటే ముందు చెప్పాలి.

వైద్యులు వచ్చేలోగా పది నిమిషాలు మెల్లగా నడిపించవచ్చు. గంటల తరబడి నడిపించి అలసట తెప్పించడం పాత అలవాటు, దాని వల్ల మేలు లేదు. గుర్రం ప్రశాంతంగా పడుకుంటే పడుకోనివ్వండి. విపరీతంగా దొర్లుతుంటే మీరు దాని కాళ్ళకు అందనంత దూరంలో ఉండండి. నొప్పి తగ్గించే మందు వైద్యులను అడగకుండా ఇవ్వకండి, ఎందుకంటే ఆ మందు నొప్పిని కప్పేస్తే శస్త్రచికిత్స అవసరమైన గుర్రం కూడా బాగానే ఉన్నట్టు కనబడి విలువైన గంటలు పోతాయి. తల పైకెత్తి నోట్లో నూనె పోయడం ఇంకా ప్రమాదం. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే కడుపునొప్పి కంటే పెద్ద జబ్బు తెచ్చిపెడుతుంది.

ఈ కష్టం రాకుండా ఉండాలంటే పేగులు ఎప్పుడూ పనిలో ఉండాలి. శరీర బరువులో కనీసం 1.5 నుండి 2 శాతం వరకు, అంటే 500 కిలోల గుర్రానికి పొడి లెక్కన 7.5 నుండి 10 కిలోల గడ్డి రోజంతా విడతలుగా అందాలి. దాణా ఒక్కపూటకు 2 కిలోలు దాటకూడదు. మేత మార్చవలసి వస్తే 7 నుండి 10 రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. రోజుకు 25 నుండి 45 లీటర్ల నీళ్ళు తాగే జంతువు కనుక తొట్టి ఖాళీ అవ్వకుండా, నాచు పట్టకుండా చూడాలి. ఇసుక నేల మీద గడ్డి వేయకండి, గడ్డితో పాటు ఇసుక కూడా పేగుల్లో చేరుతుంది.

ఇక్కడే మరొక మాట. గడియ తీయడం నేర్చిన గుర్రం రాత్రికి రాత్రి దాణా గదిలో దూరి బస్తా ఖాళీ చేయడం చాలామందికి ఎదురయ్యే సంగతే. ఉదయం అది చలాకీగా కనబడితే గండం గడిచిందనుకుంటారు. అలా అనుకోకండి, వెంటనే వైద్యులను పిలవండి. అతిగా తిన్న ధాన్యం పేగుల్లో పులిసి, ఒకటి రెండు రోజుల తర్వాత గిట్టల లోపలి పొరలకు వాపు తెస్తుంది. ఆనక గుర్రం ముంగాళ్ళు ముందుకు చాచి, బరువంతా మడమల మీద వేసి నిలబడుతుంది. అప్పటికే లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. కుంటు మొదలవ్వక ముందే గిట్టలను ఐసునీటిలో ఉంచమని వైద్యులు చెబితే, ఎంత శ్రమైనా ఆ పని చేయండి.

గిట్టలు

స్వారీకి ముందొకసారి, తర్వాతొకసారి నాలుగు గిట్టలూ ఎత్తి శుభ్రం చేయాలి. కొక్కేన్ని ఎప్పుడూ మడమ వైపు నుండి ముందుకే లాగాలి. గిట్ట అడుగున ఉండే మెత్తని త్రికోణపు భాగానికి ఇరుపక్కలా ఉన్న గాళ్ళలో రాళ్ళు, బురద ఇరుక్కుంటాయి. అక్కడ నల్లగా చెమ్మగా ఉండి కుళ్ళిన వాసన వస్తుంటే గిట్ట కుళ్ళు మొదలైనట్లే. నేల పొడిగా ఉంచడం, రోజూ శుభ్రం చేయడం మానితే ఏ మందూ దాన్ని పూర్తిగా నయం చేయలేదు. గిట్ట నెలకు 6 నుండి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక 6 నుండి 8 వారాలకు ఒకసారి చెక్కించి, లాడాలు మార్పించాలి.

నిన్నటి దాకా బాగున్న గుర్రం ఈ రోజు ఒక కాలు నేల మీద మోపలేకపోతే ఎముక విరిగిందని గుండె జారిపోతుంది. చాలాసార్లు అది గిట్టలో చేరిన చీము. ఆ గిట్ట మిగతావాటి కంటే వెచ్చగా ఉంటుంది, దాని పైన కాలి వెనుక భాగంలో నాడి గట్టిగా కొట్టుకుంటుంది. గిట్టలో మేకు కనబడితే మాత్రం వెంటనే పీకేయకండి. మేకు ఎంత లోతుకు, ఏ దిక్కుగా దిగిందో ఎక్స్‌రేలో తేలిపోతుంది, పీకేస్తే ఆ రంధ్రం మూసుకుపోయి కనబడకుండా పోతుంది. అడుగు వేస్తే ఇంకా లోపలికి దిగేటట్లు ఉంటే తప్ప కదపకుండా ఉంచి వైద్యులను పిలవాలి. గుర్రాలకు ధనుర్వాతం తొందరగా సోకుతుంది, టీకా తేదీ ఆ పుస్తకంలోనే రాసి పెట్టుకోండి.

జీను వేసేటప్పుడు, ఎక్కినప్పుడు

జీనును కాస్త ముందుగా పెట్టి వెనక్కి జరిపితే కింది వెంట్రుకలు సాఫుగా పడుకుంటాయి. పొట్ట కింది పట్టీని ఒక్కసారిగా బిగించకండి. చాలా గుర్రాలు బిగించేటప్పుడు కండరాలు బిగబడతాయి, నాలుగడుగులు నడిచాక పట్టీ వదులవుతుంది. కట్టేటప్పుడొకసారి, ఎక్కబోయే ముందొకసారి, పది నిమిషాలు నడిచాక మరోసారి చూసుకోవాలి. పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రాన్ని మొండిదని కొట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వీపు నొప్పి, సరిపడని జీను, కడుపులో పుండు లేవని తేల్చుకున్న తర్వాతే దాని స్వభావం గురించి మాట్లాడాలి. స్వారీ తర్వాత జీను తీసి చెమట మరకలు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో ఒకచోట పొడిగా ఉందంటే, జీను అక్కడ ఆనడమే లేదు, లేదా మితిమీరి నొక్కుతోంది.

గుర్రానికి తన నుదుటికి ఎదురుగా, తోకకు సరిగ్గా వెనుకగా ఉన్నది కనబడదు. భుజం వైపు నుండి మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి. పగ్గాలతో దేనికీ కట్టకూడదు, హాల్టరుకు, అంటే తలకు తొడిగే పట్టీకి, కట్టిన తాడుతో, లాగితే ఊడే ముడి వేసి, తెగిపోయే సన్నని దారం ముక్క మధ్యలో ఉండేలా కట్టాలి. నడిపించే తాడును చేతికి చుట్టుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఒకసారి నేను అలా చుట్టుకుని నడుస్తుండగా, కంచెకు తగులుకున్న ప్లాస్టిక్ కాగితం ఒకటి టపటపలాడింది. గుర్రం పక్కకు దూకింది, చుట్టు బిగుసుకుంది, నాలుగైదు అడుగులు నేల మీద ఈడ్చుకుపోయింది. మూడు వేళ్ళ చర్మం ఊడింది. అప్పటి నుండి తాడును మడతలుగా అరచేతిలో పట్టుకుంటున్నాను, బలంగా లాగితే అది జారిపోతుంది.

పైన ఉన్నప్పుడు బెదిరితే రెండు పగ్గాలూ వెనక్కి గుంజకండి, అది మరింత బలంగా ముందుకు లాగుతుంది. బరువు జీనులో దింపి, ఒక పగ్గాన్నే మెల్లగా తొడ వైపు తెచ్చి మెడ వంచితే వేగం తగ్గుతుంది. అది పూర్తి దౌడులో ఉంటే ఒక్కసారిగా వంచడం వల్ల తూలి పడే ప్రమాదముంది, అప్పుడు పెద్ద వలయంగా తిప్పి ఆ వలయాన్ని చిన్నది చేసుకుంటూ రావాలి. పడినప్పుడు హెల్మెట్‌కు దెబ్బ తగిలితే పైకి బాగున్నా దాన్ని మార్చండి.

చెమటతో వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న మాట ఇంకా చాలాచోట్ల వినిపిస్తుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనల తర్వాత, వేడిలో పరుగెత్తిన గుర్రాలకు చల్లని నీళ్ళు ధారాళంగా పోయడమే మేలని పోటీల్లో స్థిరపడింది. ధారాళంగా, ఆపకుండా పోస్తూ నడిపించండి.

గదిలో గోడకు ఇరుక్కున్నప్పుడు

రాత్రివేళ దొర్లుతూ గోడకు దగ్గరగా వెళ్ళి, కాళ్ళు మడుచుకునే చోటు లేక లేవలేకపోయే గుర్రాలుంటాయి. గోడను తన్నే చప్పుడుకు మెలకువ వస్తుంది. ఒంటరిగా లోపలికి వెళ్ళకండి, కాళ్ళకూ గోడకూ మధ్యకు అసలే వెళ్ళకండి. తల వైపు ఒకరు నెమ్మదిగా మాట్లాడుతూ ఉండాలి, వీపు వైపు నిలబడి గోడ పక్కనున్న ముంగాలికీ, వెనుకకాలికీ పొడవైన తాళ్ళను ముడి వేయకుండా వలయంగా తగిలించి, ఇద్దరు కలిసి తమ వైపుకు పొర్లించాలి. అది పొర్లగానే తాళ్ళు వదిలేసి వెంటనే పక్కకు తప్పుకోవాలి, ఎందుకంటే అది ఒక్క ఉదుటున లేస్తుంది. లేచాక కాసేపు నిలబడనిచ్చి, కాళ్ళు, కళ్ళ పైభాగం తడిమి గాయాలు చూసి, నాలుగడుగులు నడిపించండి. కడుపునొప్పితో దొర్లడం వల్లే అక్కడ ఇరుక్కుని ఉండవచ్చు కనుక అరగంట ఆగి నాడి చూడండి, డొక్కలకు చెవి ఆనించండి, ఆ అంకెను పుస్తకంలోని పాత అంకె పక్కన రాయండి.