ఫోటో సైజు తప్పుతోందా? విండోస్‌లో ఉన్న పనిముట్లతోనే సరిచేయండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు ఒకే ఫోటోను ఇటు ఒడిశా దరఖాస్తుకూ, అటు ఆంధ్రా దరఖాస్తుకూ, మధ్యలో బ్యాంకు పరీక్షకూ పెట్టాల్సి వస్తుంది. ఒకరు సెంటీమీటర్లు అడుగుతారు, ఇంకొకరు పిక్సెళ్లు (ఫోటోలోని చుక్కల లెక్క), మరొకరు కేబీలు (ఫైలు బరువు). ఇవి మూడు వేర్వేరు కొలతలు. ఒకదాన్ని సరిచేస్తే మిగతా రెండూ వాటంతట అవే సర్దుకుంటాయని అనుకోవడం వల్లే సగం చిక్కులు వస్తాయి. వీటి కోసం సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లకు మీ ముఖాన్నీ సంతకాన్నీ అప్పగించడం అసలే వద్దు. విండోస్‌తో పాటు వచ్చే పెయింట్, ఫోటోస్, స్క్రీన్‌షాట్లు తీసే స్నిప్పింగ్ టూల్ చాలు.

సమస్య: ముఖం అణిగిపోయి వెడల్పుగా కనిపిస్తోంది

కారణం: క్రాప్ (అక్కర్లేని అంచుల కోత) చేయకుండానే రీసైజ్ (మొత్తం బొమ్మ కుదింపు) చేశారు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఫోటోకు 200×230 పిక్సెళ్ల కొలత చెబుతుంది. ఫోనులో నిలువుగా తీసిన ఫోటో సాధారణంగా 3:4 నిష్పత్తిలో ఉంటుంది. దాని వెడల్పు 200కు తగ్గిస్తే ఎత్తు 267 రావాలి. పెయింట్‌లో నిష్పత్తిని కాపాడే టిక్ తీసేసి ఎత్తు దగ్గర 230 అని కొడితే, ఆ తేడా అంతా ముఖం మీదే పడుతుంది. గుర్తింపు కోసం ఇచ్చే ఫోటోలో మనిషి పోలికే మారిపోతే ఇక ఆ ఫోటో ఎందుకు?

పరిష్కారం: ముందు కోత, తర్వాతే కుదింపు. పెయింట్‌లో సెలెక్ట్ పనిముట్టుతో ముఖం చుట్టూ గడి గీస్తున్నప్పుడు కింది పట్టీలో ఆ గడి కొలత పిక్సెళ్లలో కనిపిస్తూ ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు కానీ ఈ పని మొత్తానికి అదే కీలకం. 200×230కి నాలుగు రెట్లు 800×920, ఎనిమిది రెట్లు 1600×1840. మీ ఫోటో ఎంత పెద్దదో చూసుకుని, తల పైన కొంచెం ఖాళీ ఉండేలా, వీటిలో ఒక కొలత వచ్చేదాకా గడి లాగండి. క్రాప్ నొక్కండి. తర్వాత కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె తెరుచుకుంటుంది. అందులో పిక్సెల్స్ ఎంచుకుని, నిష్పత్తి టిక్ అలాగే ఉంచి, వెడల్పు 200 అని కొట్టండి. ఎత్తు 230 దానంతట అదే వస్తుంది. ఫోటోస్‌లోని క్రాప్‌లో చతురస్రం, 4:3 లాంటి సిద్ధంగా ఉన్న నిష్పత్తులు దొరుకుతాయి కానీ మనకు కావలసినది ఉండదు. అందుకే ఈ ఒక్క పనికి పాత పెయింటే మేలు.

సెంటీమీటర్లు అడిగినచోట కూడా లెక్క ఇదే. 3.5×4.5 సెంటీమీటర్లంటే నిష్పత్తి 7:9, కాబట్టి గడి 700×900 గీయండి. ప్రింటుకు ఎన్ని పిక్సెళ్లు కావాలో తెలియాలంటే సెంటీమీటర్లను 2.54తో భాగించి డీపీఐతో (ప్రింటులో అంగుళానికి పడే చుక్కల సంఖ్యతో) గుణించండి. 300 డీపీఐకి 413×531 వస్తుంది.

సమస్య: కేబీలు హద్దులో ఉండడం లేదు

ఫోటోకు 20 నుంచి 50 కేబీ, సంతకానికి 10 నుంచి 20 కేబీ అనేది ఐబీపీఎస్ నియమం. చిన్నగా కత్తిరించినా ఫైలు బరువు తగ్గకపోతే అది పీఎన్‌జీ అనే ఫైలు రకంగా సేవ్ అయిందేమో చూడండి. ఫోటోలకు ఆ రకం బరువెక్కువ. పెయింట్‌లో సేవ్ యాజ్‌కు వెళ్లి, ఫోటోలను తక్కువ బరువులో దాచే జేపెగ్ (జేపీజీ) రకం ఎంచుకోవాలి. ఫైలు పేరు చివర ఉన్న పీఎన్‌జీ అక్షరాలను చెరిపి జేపీజీ అని రాస్తే ఫైలు మారదు, పేరే మారుతుంది. వెబ్‌సైట్ దాన్ని తిప్పికొట్టేది అందుకే.

పెయింట్‌లో జేపెగ్ నాణ్యతను తగ్గించే వీలు లేదు. ఫోటోస్‌లో చిత్రం తెరిచి, మూడు చుక్కల మెనూలో రీసైజ్‌కు వెళితే నాణ్యతను జరిపే మీట ఉంటుంది. సేవ్ చేయకముందే కొత్త ఫైలు ఎంత బరువుంటుందో అక్కడే చూపిస్తుంది.

సంతకం దగ్గర తిరకాసు తిరగబడుతుంది. చెప్పిన 140×60 పిక్సెళ్లకు కుదిస్తే ఫైలు తరచు 10 కేబీ కూడా ఉండదు. ఆ పిక్సెళ్లు ఉంటే మంచిదని చెప్పిన కొలత మాత్రమే, కేబీల హద్దు మాత్రం కచ్చితం. అదే నిష్పత్తిలో 280×120 గానీ 420×180 గానీ ఉంచండి, బరువు పెరుగుతుంది. ట్యూబులైటు కింద తీసిన సంతకం వెనక కాగితం మురికిగా కనిపిస్తే, ఫోటోస్ ఎడిట్‌లో వెలుతురు, కాంట్రాస్ట్ కొంచెం పెంచండి. సంతకం నల్ల సిరాతోనే ఉండాలి.

సమస్య: ఫోటో తెరుచుకోవడమే లేదు

ఐఫోను నుంచి వచ్చిన ఫైలైతే అది హెచ్ఈఐసీ రకం కావచ్చు, ఆ రకం ఫైలు అన్ని కంప్యూటర్లలో తెరుచుకోదు. ఫోను సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెడితే ఇకపై జేపెగ్‌లే వస్తాయి.

సమస్య: ఫోటో మీద రాసిన అక్షరాలు డబ్బాలుగా పడుతున్నాయి

జాతర పోస్టరు మీద ఒక వరుస తెలుగు, కింద ఒక వరుస ఒడియా రాయడం ఇక్కడ మామూలే. ఎంచుకున్న ఫాంటులో ఆ లిపి లేకపోతే డబ్బాలు వస్తాయి. నిర్మలా యూఐ ఎంచుకోండి, రెండు లిపులూ ఆ ఒక్క ఫాంటులోనే ఉన్నాయి. ఇంకొక సంగతి: పెయింట్‌లో అక్షరాల పెట్టె బయట క్లిక్ చేశారంటే అవి బొమ్మలో కలిసిపోతాయి, మళ్లీ దిద్దడం కుదరదు. ఒత్తులూ దీర్ఘాలూ చూసుకున్నాకే క్లిక్ చేయండి.

సమస్య: కత్తిరించేసిన భాగం అవతలివాళ్లకు కనిపించింది

ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. 2023లో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, తీసేశామనుకున్న భాగపు సమాచారం కొంత ఫైలులోనే మిగిలిపోయేది. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. ఏళ్లుగా అప్‌డేట్ చేయని కంప్యూటర్ అయితే ముందు ఆ పని చూడండి. అప్పట్లో పంపిన ఆధార్, భూమి పట్టా స్క్రీన్‌షాట్లు ఎక్కడైనా ఉంటే తీసేయించడం మంచిది.

నంబరు కనబడకుండా హైలైటర్‌తో రుద్దడం ఇంకో పొరపాటు. హైలైటర్ రంగు పారదర్శకం, కింద ఉన్నది చదవొచ్చు. పెయింట్‌లో లోపలంతా నల్లరంగు నిండిన దీర్ఘచతురస్రం గీసి, కొత్త పేరుతో సేవ్ చేయండి.

సమస్య: అసలు ఫోటోయే పోయింది

కత్తిరించిన ముక్కను పాత పేరుతోనే సేవ్ చేశారన్నమాట. పెయింట్ ఇంకా మూసేయకపోతే కంట్రోల్, జెడ్ నొక్కుతూ వెనక్కి వెళ్లి, కొత్త పేరుతో సేవ్ చేయండి. మూసేసి ఉంటే, ఫోటో వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో) ఉన్నపక్షంలో, ఫైలు పాత రూపాలను చూపే వెర్షన్ హిస్టరీలో పాతది దొరకవచ్చు. రెండూ కుదరకపోతే ఫోటో తీసినవాళ్లనే మళ్లీ పంపమని అడగాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే పిక్సెళ్లు తగ్గిపోయి వస్తుంది.