గోడ మీది టచ్‌స్క్రీన్‌కి నెట్‌వర్క్ పోతే ఏం చూడాలి

లైట్లు, ఏసీ, కర్టెన్లు నడిపే స్క్రీన్ మీద కనెక్షన్ ఫెయిల్ అని వస్తే వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం కొట్టకండి, పెట్టుకున్న సీన్లూ (ఒక్క నొక్కుతో లైట్లు, ఏసీ అన్నీ కలిపి మార్చే సెట్టింగ్‌లు) షెడ్యూళ్లూ పోయే ప్రమాదం ఉంది.

ముందు ఫోన్‌ని అదే వైఫైకి కలిపి చూడండి. అందులోనూ నెట్ రాకపోతే రౌటర్ ఆపి, ఒక నిమిషం ఆగి వేసి, అది పూర్తిగా లేచాకే స్క్రీన్ రీస్టార్ట్ చేయండి, కరెంటు పోయొచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేస్తే స్క్రీన్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబర్) దొరక్క అలా ఉండిపోతుంది ఒక్కోసారి.

ఫోన్‌లో వచ్చి స్క్రీన్‌లో రాకపోతే సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి, 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. అడ్రస్ బాగానే ఉండి కాసేపు పనిచేసి కాసేపు పోతుంటే అదే నంబర్ టీవీకో కెమెరాకో కూడా వెళ్లిందేమో, రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టేయండి, అంటే ఆ స్క్రీన్‌కి ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇచ్చే సెట్టింగ్. కొత్త రౌటర్ పెట్టారా? వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి, ఇలాంటి చాలా ప్యానెళ్లు 5 గిగాహెర్ట్జ్ పట్టుకోవు.

వైర్‌తో కలిపిన స్క్రీన్ అయితే మన వైజాగ్‌లో నా మొదటి అనుమానం కేబుల్ మీదే, బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లల్లో మరీను, ఉప్పుగాలి దేన్నీ వదలదు కదా. ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపి, ప్యానెల్ మెల్లగా బయటికి తీసి, ఆర్‌జే45 కనెక్టర్‌ని (నెట్‌వర్క్ కేబుల్ కొసనుండే ప్లగ్) వెలుతురులో పెట్టి చూడండి. మెరవాల్సిన ఎనిమిది పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము కనిపిస్తే తుడిచి సరిపెట్టకండి, ఆ కొస కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించండి (టూల్‌తో నొక్కి బిగించడం), రౌటర్ వైపు కొస కూడా.