కొలతలిచ్చి చేయించుకునే ఎయిర్ రైఫిల్ కోసం ఎదురుచూసేవారికి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దేశంలో వేట తుపాకీ చేయించుకోవలసిన అవసరం దాదాపు లేకుండా పోయింది. బెంగళూరులో మనవాళ్లు నెలల తరబడి ఎదురుచూసేది పది మీటర్ల పోటీకి పనికొచ్చే ఎయిర్ రైఫిల్ కోసం, ముఖ్యంగా ఒంటికి సరిపడేలా అక్రోటు కర్రతో చెక్కించుకునే స్టాక్ కోసం, అంటే భుజానికి, చెంపకు ఆనే కర్ర భాగం కోసం.

అడ్వాన్సు కట్టే ముందే కొలతలు సరిచూసుకోండి. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివరి వరకు ఉండే పొడవును మామూలు చొక్కాతో కాక, షూటింగ్ జాకెట్, బూట్లు వేసుకుని, గురిపెట్టే భంగిమలో నిలబడి కొలిపించాలి. జాకెట్ లేకుండా కొలతలిచ్చినందువల్ల మా అమ్మాయి స్టాక్ పొడవెక్కువై, తిరిగి కోయించవలసి వచ్చింది; ఆ బాధ మరొకరికి రాకూడదు. చెంప ఆనించి కళ్లు మూసుకుని, మెడ బిగించకుండా మళ్లీ తెరిచినప్పుడు గురి రంధ్రం సరిగ్గా కంటికి ఎదురుగా ఉంటే, చెంప ఆనే భాగం ఎత్తు కుదిరినట్టే.

కాలిబర్, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లని, మొత్తం బరువు పోటీ నిబంధన ప్రకారం 5.5 కిలోలు దాటకూడదని, ఇచ్చే గడువుతో సహా రసీదులో రాయించుకోండి.

కర్ర ఆరడానికి, నూనె పూత ఒక్కొక్కటీ ఎండడానికి పట్టే కాలాన్ని మాత్రం తొందరపెట్టవద్దు; సరిగా ఆరని కర్ర తర్వాత వంకర తిరుగుతుంది. ఈలోగా డ్రై ఫైర్ (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే) సదుపాయమున్న షూటింగ్ రేంజి రైఫిల్‌తో, ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక, రోజూ ఇరవై నిమిషాలు సాధన చేయండి. గురి కాగితం మధ్యలోని పది మార్కుల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరే కనుక, ట్రిగ్గర్ వేలి నిలకడే అసలు పని. రైఫిల్ చేతికందిన రోజున గాలి సిలిండర్ వాడకం గడువు తెలిసేందుకు దాని మీది తేదీని ముందుగా చూడండి.