బెంగళూరులో నడిచి వెళ్లేంత దూరంలో మంచి ప్రీస్కూల్‌ను ఎంచుకోవడం

మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఆఫీసు ఎంత దూరమో లెక్క వేసుకుంటాము గాని, మూడేళ్ల బిడ్డ నడిచి చేరగల దూరంలో బడి ఉందా అని చూడము. మేమూ చూడలేదు. పేరున్న బడి అని ఇంటికి చాలా దూరంలో చేర్పించాము. వ్యాను కదలగానే మా అమ్మాయి రెండు చేతులతో బ్యాగును గుండెకు అదుముకొని, దిగేదాకా మాట్లాడేది కాదు. ఇంటికి వచ్చాక రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేది.

కాబట్టి ముందు దూరం చూసుకోండి. బిడ్డ చెయ్యి పట్టుకొని పావుగంటలో వెళ్లగల ప్రీస్కూళ్లన్నిటినీ గుర్తించండి; ఆ జాబితాలో అంగన్‌వాడీని తప్పక చేర్చండి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పోషకాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఉచితమే. బీదవాళ్ల కోసమేలే అని చూడకుండానే వదిలేయడం తొందరపాటు అని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడి కార్యకర్త చాలాసార్లు ఆ వీధి మనిషే, ఆమెకు పిల్లల ఇళ్లు కూడా తెలుసు.

తరువాత, పని దినాన ఉదయం వెళ్లి, అనుమతి అడిగి, గంటసేపు కూర్చోండి. గోడల మీది బొమ్మలను, ఏసీని కాదు, ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో వస్తున్నారో, వచ్చి వంగి మాట్లాడుతున్నారో నిలబడి గదమాయిస్తున్నారో గమనించండి. బడి నాణ్యతను చెప్పే గుర్తుల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది దీనినే, ఎందుకంటే ఆ వయసులో భయాన్ని బిడ్డ తనంతట తాను అణచుకోలేదు. నమ్మిన పెద్ద మనిషి పక్కన ఉండి శాంతపరిస్తేనే క్రమంగా నేర్చుకుంటుంది. 2013 నాటి జాతీయ శిశు విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్లలోపు వారైతే పది మందికి ఒకరు ఉండాలి. బడివాళ్లు ఈ లెక్కను ఆయాను కలుపుకొని చెబుతున్నారా, టీచరు సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారు అన్నవి కూడా అడగండి. మూడేళ్లకే పేజీలు నింపిస్తామని గొప్పగా చెప్పే బడిని నేనైతే వదిలేస్తాను.

మన పిల్లలకు భాష ఇంకొక చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు వినే బిడ్డ కొన్ని వారాలపాటు అక్కడ మౌనంగా ఉండవచ్చు. దానిని మందబుద్ధి అనుకోకూడదు. మా అమ్మాయి “ఉచ్చ” అన్న మాట ఎవరికీ అర్థం కాక గౌను తడుపుకొని, సిగ్గుతో ఆ రోజంతా మూల నుంచి కదలలేదు. రెండో బడిలో చేర్పించినప్పుడు ఉచ్చ, ఆకలి, నొప్పి, అమ్మ కావాలి వంటి పది మాటలను కన్నడ లిపిలో రాయించి టీచరుకు ఇచ్చాము. ఆమె ఆ కాగితాన్ని తలుపు వెనుక అంటించుకున్నారు. మీరూ అలాగే చేయండి.

మొదటి వారం గంటతో మొదలుపెట్టి సమయాన్ని పెంచండి. బిడ్డ కళ్లుగప్పి జారుకోకుండా, “అన్నం తిన్నాక వస్తాను” అని చెప్పి, అన్న వేళకు తప్పక వెళ్లండి.

మొదటి రోజుల్లో ఏడుపు సహజం. అయితే నెల దాటినా తగ్గకపోతే, మానిన పక్కతడుపు మళ్లీ మొదలైతే, బడి రోజుల్లో మాత్రమే పొద్దున కడుపునొప్పి వస్తే, ఇష్టమైన ఆటనూ వదిలేస్తే, బడిలో ఏం జరుగుతోందో అడగండి. పిల్లల డాక్టరుకు కూడా చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అవసరమైతే హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు నిద్ర, తిండి, ఏడుపు ఏ రోజు ఎలా ఉన్నాయో రెండు వారాలు రాసిన పుస్తకాన్ని తీసుకువెళ్లండి. డాక్టరు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే దొరుకుతుంది.