రాతప్రతిని మెయిల్‌లో పంపే ముందు

పంపినవారి పేరు చూసి నమ్మకండి, చిరునామా అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉంటే ‘ఎం’లా కనిపిస్తాయి. ప్రచురణ సంస్థలో పనిచేసిన ఫిలిప్పో బెర్నార్డిని ఇలాంటి 160కి పైగా నకిలీ డొమైన్లతో (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేర్లతో), ఎడిటర్‌నని, రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంట్‌నని నమ్మించి వెయ్యికి పైగా రాతప్రతులు కాజేశాడు. 2022 జనవరిలో న్యూయార్క్‌లో అరెస్టయ్యాడు.

తెలిసినవారే అడిగినట్టున్నా ‘రిప్లై’ నొక్కవద్దు, అది మోసగాడికే చేరవచ్చు. మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఇదొక్కటి చేసినా చాలా పుస్తకాలు దక్కుతాయి.

చదవడానికే ఫీజు అడిగే ఏజెంట్‌ను వదిలేయండి. నిజమైన ఏజెంట్ రాయల్టీలో కమిషన్ తీసుకుంటాడు.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టకండి, మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.

డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే సొమ్ము ఖాతాలు మారిపోతుంది.