దసరా ఆఫర్లలో పెద్ద కారు లోనుకు సంతకం పెట్టే ముందు

రొయ్యల డబ్బో, పొగాకు డబ్బో చేతిలో ఆడుతుండగా నెల్లూరు, ఒంగోలు నుంచి షోరూముకు బయలుదేరేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• కిస్తీ నెలనెలా కట్టాలి, మన రాబడి మాత్రం పంటకోసారి. 50 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, 7 ఏళ్లయితే నెలకు దాదాపు 81,700. వడ్డీయే మొత్తం 18.6 లక్షలు. చెరువులో రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంట పోయినా కిస్తీ ఆగదు. 6 కిస్తీలు, అంటే దాదాపు 5 లక్షలు, విడిగా డిపాజిట్‌లో లేకపోతే ఈ ఏడాది కొనకండి. మేతకీ సీడుకీ తెచ్చిన అప్పును డౌన్‌పేమెంటుకు అసలు కదపకండి.

• కిస్తీ మరీ తక్కువ చెబితే చివర్లో పెద్ద మొత్తం మిగిల్చారేమో అడగండి. బెలూన్ లోన్లలో అదే జరుగుతుంది. అప్పటికి కారు ధర సగానికి పడిపోయి ఉండొచ్చు.

• ఎక్స్‌షోరూమ్ ధర చూసి లెక్కేయకండి. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసే ఆదాయపన్ను) కలుస్తాయి. టీసీఎస్‌ను రిటర్నులో చూపించి రాబట్టుకోవచ్చు, చాలామంది వదిలేస్తారు.

• ఇన్సూరెన్సుకు అదనంగా ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తప్పకుండా తీసుకోండి. మనకు వానలు ముదిరేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు పాలసీలో ఆ ఖర్చు రాదు.

• ఫిక్స్‌డ్ వడ్డీ అయితే ముందే తీర్చేసినందుకు ఎంత పెనాల్టీయో రాయించుకోండి. మంచి పంట వచ్చిన ఏడాది అది అక్కరకొస్తుంది.

• లోను తీరాక ఎన్‌ఓసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం), ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, తీయించండి, లేకపోతే కారు అమ్మడం కుదరదు.