చిత్తూరు బోర్లలో రాయి అయస్కాంత గుణం కొలవాలంటే

మోటారు, పైపులు పైకి తీసేసిన బోరు దొరికితేనే ఈ పని పెట్టుకోండి. కేసింగ్ పీవీసీ అయితే ఇబ్బంది లేదు, ఇనుపదైతే అది ఉన్నంత లోతు వరకూ రీడింగ్ అంతా చెత్తే. ముందుగా తాడుకి బరువు కట్టి దించి చూడండి, ఖరీదైన ప్రోబ్ (కొలవడానికి బోరులోకి దించే పరికరం) మధ్యలో ఇరుక్కుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ప్రోబ్‌లోని కాయిల్ చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, చుట్టూ ఉన్న రాయి దానికి ఎంత స్పందిస్తుందో అదే ససెప్టిబిలిటీ. అది ఎక్కువ భాగం రాయిలోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం పుణ్యమే. అసలు తలనొప్పి వేడి. మన ఎండలో జీపు మీద కాలిన ప్రోబ్‌ని అలాగే దించితే సున్నా జరిగిపోతూనే ఉంటుంది, అందుకే నీడలో పెట్టి, ఇనుముకి దూరంగా గాలిలో జీరో చూసి, తర్వాత బోరు నీళ్లలో రీడింగ్ నిలకడగా వచ్చేదాకా ఆగండి. పని అయ్యాక జీరో మళ్లీ చూడాలి.

కింద నుంచి పైకి నిదానంగా, ఒకే వేగంతో లాగండి. కొంత భాగం రెండోసారి కొలిచి, రెండు రీడింగుల గీతలూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

గ్రానైట్ మధ్యలో రీడింగ్ ఒక్కసారిగా లేచిందంటే డోలరైట్ డైక్ (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ నల్లరాతి గోడ) అని అనుమానించండి, అక్కడ ససెప్టిబిలిటీ ఎస్ఐ ప్రమాణంలో 0.01 దాటినా ఆశ్చర్యం లేదు. బాగా శిథిలమైన రాయిలో మాగ్నెటైట్, అయస్కాంత గుణం చాలా తక్కువున్న హెమటైట్‌గా మారి విలువ పడిపోతుంది. తిరుమల కొండల్లాంటి క్వార్ట్‌జైట్‌లో (ఎక్కువగా క్వార్ట్జ్ ఖనిజమే ఉండే గట్టి రాయి) సున్నా దగ్గరో, కొంచెం మైనస్‌లోనో వస్తే మీటర్ని తిట్టకండి, క్వార్ట్జ్ గుణమే అంత. పాత రిపోర్టు సీజీఎస్ అనే పాత ప్రమాణంలో ఉంటే 12.57తో హెచ్చించాకే పోల్చండి.